కళాశాలలో పర్యావరణ పరిరక్షణ – విద్యార్థుల దృష్టి

నేటి అవసరాలు తీర్చుకొంటూనే రాబోవు తరాల అవసరాలకు లోటు రానీయకుండుటే సుస్థిరాభివృద్ధి అని 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ నిర్వచించింది. ఈ భావం మన విద్యాలయాలలోకి రెండు మార్గాల ప్రవేశించింది. మొదటిది పాఠ్యాంశం. ఎం.సి. మెహతా వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయవలెనని చెప్పింది. అనంతరం విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులకు ఆరు నెలల పాఠ్యప్రణాళికను రూపొందించింది. రెండవది తనిఖీ. కళాశాలల నాణ్యతను నిర్ణయించే నాక్ సంస్థ నీటి పొదుపును, వ్యర్థాల నిర్వహణను, పచ్చదనాన్ని కూడ పరిశీలిస్తుంది.

ఈ కృషిని విద్యార్థులమైన మేము ఏ దృష్టితో చూస్తున్నాము? దాచక చెప్పవలెనంటే, పాఠాన్ని మార్కుల కొరకు చదువుతున్నాము. మొక్కను ఫొటో కొరకు నాటుతున్నాము. ఇందులో మా నిర్లక్ష్యం ఉన్నమాట నిజమే. కాని దానికి మరొక కారణం కూడ ఉన్నది.

1950లో కె.ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవం జులైలో వస్తుంది. అప్పుడు గోదావరి డెల్టాలో నీటికి కొదువ లేదు. ధవళేశ్వరం బ్యారేజి నుండి సాగే కాలువలు సుమారు 10 లక్షల ఎకరాలను తడుపుతాయి. దాళ్వా కోతల పిమ్మట, వేసవిలో, మరమ్మతులకై ఆ కాలువలను కట్టివేస్తారు. సరిగా అప్పుడే పరీక్షలు ముగిసి మేము ఇండ్లకు వెళ్ళిపోతాము. లేత మొక్కకు దాహం మిక్కుటమైన మే నెలలో కాలువలో నీరుండదు, ఆవరణలో మనిషి ఉండడు. మరుసటి జులైలో అదే గోతిలో మరొక మొక్క! ఏటా లెక్క పెరుగుతుంది గాని నీడ పెరుగదు. ఇది చూచిన విద్యార్థికి తక్కిన ప్రయత్నాలపై కూడ నమ్మకం సడలుట సహజం.

అయితే ఈ ఉదాసీనత మనకు తగదు. దిగువ గ్రామాల మంచినీటి చెరువులు నిండేది ఈ కాలువల నీటితోనే. మనం గట్టున పారవేసిన చెత్త చివరకు వారి నీటిలోనికే చేరుతుంది.

కనుక కళాశాల కమిటీవారికి మా మనవి ఇది. నాటిన మొక్కలను గాక, జూన్‌లో బ్రతికియున్న మొక్కలను లెక్కించండి. సమీపంలో నివసించే విద్యార్థులకు వేసవిలో వంతులవారీగా నీరుపోసే బాధ్యత అప్పగించండి. చేతులు కడిగిన నీటిని పాదులకు మళ్ళించండి. ఆ లెక్కను నోటీసుబోర్డుపై ఉంచండి.

1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట శతాబ్దానికి పైగా నీరందించినదంటే, కట్టిన చేతులతోబాటు దానిని కాపాడుకొంటూ వచ్చిన చేతులు కూడ కారణమే. నాటే పని ఒక్కరోజుది. కాపాడే పనిలో మాకు పాలు ఇచ్చిననాడు, మా దృష్టి కూడ తప్పక మారుతుంది.