ఇస్తిఖారా తర్వాత: ఇమామ్ గజాలీ తీసుకున్న మూడు నిర్ణయాలు

ఇస్తిఖారా అనగానే మన సమాజంలో చాలామందికి కల గుర్తుకు వస్తుంది. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి పడుకుంటే, ఈ సంబంధం కుదుర్చుకోవాలా వద్దా, ఈ ఉద్యోగంలో చేరాలా వద్దా అన్నది తెల్లవారేసరికి తేలిపోతుందని ఎదురుచూస్తారు. ఇస్తిఖారాను గురించి హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. అందులో కల ప్రస్తావనే లేదు. దాసుడు వేడుకునేది వేరు: ఈ పని తన ధర్మానికి, జీవనానికి, పర్యవసానానికి మేలైనదైతే సులభం చేయమనీ, కానిపక్షంలో తననుండి మళ్ళించమనీ, మేలు ఎక్కడున్నా దానిని ప్రసాదించి దానితో తనను సంతృప్తిపరచమనీ. పర్యవసానం, సంతృప్తి అనే ఈ రెండూ ఒక్క రాత్రిలో చేతికందేవి కావు. వాటికి ఎన్నేళ్ళు పట్టవచ్చునో ఇమామ్ గజాలీ (రహ్మ) జీవితం చూస్తే తెలుస్తుంది.

హిజ్రీ 484 (క్రీ.శ. 1091)లో సల్జూఖీ మంత్రి నిజాముల్ ముల్క్ ఆయనను బగ్దాదు నిజామియా మద్రసాలో ఆచార్యునిగా నియమించాడు. అప్పటికి ఆయనకు నలభై నిండలేదు. ఎదుట 300 మంది విద్యార్థులు. నాలుగేళ్ళు గడిచాక, తాను బోధిస్తున్నది ఎవరి కోసమన్న ప్రశ్న ఆయనను పట్టుకుంది. పేరు కోసం, హోదా కోసం అన్న జవాబే లోపలినుండి వచ్చింది. 488 రజబ్ మొదలుకొని దాదాపు 6 నెలలు ఊగిసలాడారు. ఉదయం వెళ్ళిపోదామన్న సంకల్పం సాయంత్రానికి సడలిపోయేది. చివరకు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు, ముద్ద గొంతు దిగలేదు. జబ్బు మనసులో ఉన్నదని వైద్యులు ఆశ వదులుకున్నారు. పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగిలిన ధనం పంచివేసి, మక్కా వెళుతున్నానని చెప్పి సిరియా దారి పట్టారు. నిజాముల్ ముల్క్ 485లో హత్యకు గురయ్యాడు గనుక, భయంతోనే వెళ్ళిపోయారని కొందరు చరిత్రకారులు అంటారు. భయం ఏ మూలనో ఉండి ఉండవచ్చు గాని, ఆ ఒక్క కారణం ఆ తర్వాతి ఏళ్ళను వివరించలేదు.

దమస్కు, బైతుల్ మఖ్దిస్, హజ్. అక్కడినుండి పిల్లల పిలుపే తనను స్వస్థలానికి లాగిందని ఆయనే రాశారు. ఇంటి అవసరాలు ఏకాంతాన్ని చెదరగొడుతూనే ఉండేవట. వదిలివెళ్ళిన వెంటనే అంతా తేటతెల్లమైపోలేదన్నమాట.

11 ఏళ్ళ తర్వాత, 499 (క్రీ.శ. 1106)లో, నిజాముల్ ముల్క్ కుమారుడు ఫఖ్రుల్ ముల్క్ ఒత్తిడిపై నీషాపూరులో మళ్ళీ బోధన చేపట్టారు. అంతకుముందు సజ్జనులతో మష్వరా చేశారు. ఏకాంతం వదలమని వారు ఏకగ్రీవంగా చెప్పారు. ఒకప్పుడు వదిలినదాన్నే తిరిగి పట్టుకోవడం ఓటమి కాదా? చూడడానికి తిరిగి వచ్చినట్లున్నా తాను తిరిగి రాలేదని ఆయన సమాధానం: అప్పుడు హోదా తెచ్చే విద్య నేర్పేవారు, ఇప్పుడు హోదాను వదిలించే విద్య. గమనించదగిన సంగతేమంటే, బగ్దాదు వృత్తాంతమంతా ఆయన 'అల్ మున్‌ఖిజ్'లో రాసింది ఈ పునఃప్రవేశం తర్వాతనే, యాభై దాటిన వయస్సులో. మొదటి నిర్ణయం అర్థాన్ని రెండవ నిర్ణయం వెలుగులో చదువుకున్నారు.

489లో అల్ ఖలీల్ పట్టణంలో, హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) సమాధి వద్ద ఆయన మూడు ప్రతిజ్ఞలు చేసి ఉన్నారు: సుల్తానుల కొలువుకు వెళ్ళకూడదు, వారి ధనం ముట్టకూడదు, వాదోపవాదాలకు దిగకూడదు. మంత్రి మాటపై నీషాపూరు వెళ్ళడం ఆ ప్రతిజ్ఞకు దగ్గరగా నడిచిన అడుగే. అయితే 504లో బగ్దాదు నిజామియా పీఠం మరోసారి పిలిచినప్పుడు, తూస్‌లో తన వద్ద 150 మంది విద్యార్థులున్నారనీ, కుటుంబం ఉన్నదనీ, ఖలీల్‌లో చేసిన ప్రతిజ్ఞ ఉన్నదనీ లేఖ రాసి నిరాకరించారు. ఈసారి 6 నెలల ఊగిసలాట కనిపించదు. మరుసటి ఏడు, హిజ్రీ 505 (క్రీ.శ. 1111)లో తూస్‌లోనే కన్నుమూశారు.