మధుమేహ ఉపద్రవాల చికిత్సలో క్లోమ మార్పిడి: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
మధుమేహం దీర్ఘకాలం అదుపు తప్పినప్పుడు సూక్ష్మ రక్తనాళాలు దెబ్బతిని మూత్రపిండాలు, రెటీనా, నాడులు క్రమంగా క్షీణిస్తాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్లు రోగిని బతికిస్తాయి. కానీ, ఆహారానికీ శ్రమకూ అనుగుణంగా ఎప్పటికప్పుడు స్పందించే బీటా కణాల పనిని అవి పూర్తిగా చేయలేవు. పాడైన మూత్రపిండాన్ని మాత్రమే మారిస్తే మధుమేహం మిగిలే ఉంటుంది. కొత్త మూత్రపిండమూ కాలక్రమంలో దాని బారిన పడవచ్చు. క్లోమ మార్పిడి ఆలోచనకు ఈ చిక్కే మూలం.

2. శస్త్రచికిత్సా విధానం:
1966 డిసెంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో విలియం కెల్లీ, రిచర్డ్ లిల్లెహై ఒక రోగికి క్లోమాన్ని, మూత్రపిండాన్ని కలిపి అమర్చారు. ఈ చికిత్సలో రోగి సొంత క్లోమాన్ని తొలగించరు; జీర్ణరసాల ఉత్పత్తిని అది కొనసాగిస్తుంది. దాత క్లోమాన్ని ఆంత్రమూలంలోని కొంత భాగంతో సహా తీసి, రోగి కటి ప్రాంతపు రక్తనాళాలకు కలుపుతారు. కొత్త క్లోమం స్రవించే జీర్ణరసాలను ఎటు మళ్లించాలన్నది తొలినాటి శస్త్రవైద్యులను వేధించిన సమస్య. ఒక దశలో మూత్రాశయంలోకి మళ్లించేవారు. ప్రస్తుతం ఎక్కువగా చిన్నపేగులోకి మళ్లిస్తున్నారు.

3. ఫలితాలు:
క్లోమ మార్పిడి పొందిన ఎనిమిది మంది టైప్-1 రోగుల సొంత మూత్రపిండాలను పరిశీలించిన ఒక అధ్యయనం 1998లో వెలువడింది. అయిదేళ్లకు కణజాల పరీక్షలో మెరుగుదల కనిపించలేదు. పదేళ్లకు మాత్రం మధుమేహం కలిగించిన మార్పులు చాలావరకు వెనుకకు మళ్లాయి. దెబ్బతిన్న అవయవం కోలుకోగలదనీ, అందుకు సుదీర్ఘకాలం పడుతుందనీ దీనివల్ల తేలింది.

4. పరిమితులు:
కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా జీవితాంతం రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడాలి. వీటివల్ల అంటువ్యాధుల, క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. వీటిలో ముఖ్యమైన టాక్రోలిమస్ మూత్రపిండాలకే హాని చేయగలదు. కాబట్టి మూత్రపిండ మార్పిడి కోసం ఎలాగూ ఆ మందులు వాడవలసిన టైప్-1 రోగులకే ఈ చికిత్స ఎక్కువగా సమర్థనీయం. క్లోమాన్ని మాత్రమే మార్చడం, ముందస్తు హెచ్చరిక లేకుండా చక్కెర ప్రమాదకరంగా పడిపోయేవారి వంటి కొందరికే పరిమితం. కెనడాలోని ఎడ్మంటన్ బృందం 2000లో ఏడుగురికి లాంగర్‌హాన్స్ పుటికలను మాత్రమే కాలేయంలోకి ఎక్కించి ఇన్సులిన్ అవసరం తప్పించింది. అయితే ఈ పద్ధతిలో చికిత్స పొందినవారిలో చాలామందికి కొన్నేళ్లలో తిరిగి ఇన్సులిన్ అవసరమైంది.

5. ముగింపు:
క్లోమ మార్పిడి ఇన్సులిన్ సూదికి సులభ ప్రత్యామ్నాయం కాదు; ఒక దీర్ఘకాలిక భారాన్ని వదిలించుకొని మరొకదాన్ని స్వీకరించడం. ఏ రోగికి ఏ భారం తేలికో నిర్ణయించడమే ఇందులోని అసలు వైద్య వివేచన. దానికితోడు క్లోమం ప్రధానంగా మెదడు మృతి చెందిన దాతల నుంచే లభిస్తుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం, తెలుగు రాష్ట్రాల్లోని జీవన్‌దాన్ కార్యక్రమం అందుకు మార్గం ఏర్పరచాయి. ఆ మార్గం ఫలించడం దాతల కుటుంబాల అంగీకారంపై ఆధారపడి ఉంది.