పాత డాలరు నోటు విలువ ఎంత?

పిల్లలూ! మన తెలుగువాళ్ళు చాలామంది ఇప్పుడు అమెరికాలో ఉంటున్నారు. సెలవులకు వచ్చినప్పుడు మామయ్యో, పెద్దన్నయ్యో మీ చేతిలో ఒక డాలరు నోటు పెట్టి ఉండవచ్చు. దానిమీద 1957 అనో, 1935 అనో అచ్చు వేసి ఉంటే చాలు, "అబ్బో, ఎంత పాతదో! దీనికి లక్షలు వస్తాయి!" అనేవాళ్ళు ఇంట్లో ఒకరిద్దరు తప్పక ఉంటారు. అలాంటి మాటలు నమ్మి మామూలు నోటును పెద్ద ధరపెట్టి కొన్నవాళ్ళున్నారు. నిజంగా విలువైన నోటును తెలియక పాడు చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. రెండూ నష్టమే. అందుచేత పాత అమెరికా నోటుకు విలువ కట్టటం ఎలాగో తెలుసుకుందాం.

ముందుగా ఒక ముఖ్యమైన సంగతి. నోటుకు రెండు విలువలుంటాయి. మొదటిది దానిమీద అచ్చు వేసిన విలువ. అమెరికా ప్రభుత్వం 1861 నుంచి విడుదల చేసిన నోట్లన్నీ ఈనాటికీ చెల్లుతాయి. 1862 నాటి డాలరు నోటు ఇచ్చి ఇవాళ ఒక డాలరు సరుకు కొనవచ్చు. రెండవది, పాత నోట్లు సేకరించేవారు ఇచ్చే విలువ. ఈ రెంటికీ సంబంధం లేదు. ఎలాగంటారా? 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. దక్షిణ రాష్ట్రాలు విడిపోయి, సొంతంగా నోట్లు అచ్చు వేసుకున్నాయి. 1865లో అవి ఓడిపోయాయి. ఆ ప్రభుత్వమూ పోయింది, ఆ నోట్ల చెల్లుబాటూ పోయింది. ఆ రోజున వాటిని చిత్తు కాగితాలన్నారు. అయినా ఈనాడు సేకరించేవారు వాటిని డబ్బిచ్చి కొంటున్నారు!

మరి సేకరించేవారు దేన్ని చూసి ధర కడతారు? వాళ్ళు నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు.

మొదటి ప్రశ్న: ఇది ఏ రకం నోటు? ఇందుకు స్కేలు తీసుకుని కొలవండి. 1929కి ముందు విడుదలైన డాలరు నోట్లు చాలావరకు దాదాపు 7½ అంగుళాల పొడవూ, 3 అంగుళాలకు పైగా వెడల్పూ ఉండేవి. ఆ ఏడాది నుంచి ఖర్చు తగ్గించటానికి నోటును ఇప్పటి పరిమాణానికి, అంటే 6 అంగుళాల పైచిలుకు పొడవుకు కుదించారు. తరవాత ఖజానా ముద్ర రంగు చూడండి. చిన్న నోట్లలో నీలి ముద్ర ఉన్నది సాధారణంగా సిల్వర్ సర్టిఫికెట్, అంటే ఖజానాలో ఇచ్చి వెండి పుచ్చుకోదగిన నోటు. ఆ సదుపాయం 1968 జూన్ 24తో ముగిసింది. ఎర్ర ముద్ర ఉన్నది యునైటెడ్ స్టేట్స్ నోటు. ఆకుపచ్చ ముద్ర ఈనాటి ఫెడరల్ రిజర్వ్ నోట్ల మీద కూడా ఉన్నది.

ముద్ర రంగు వెనక ఒక్కొక్కప్పుడు చరిత్ర దాగి ఉంటుంది. 1941 డిసెంబరు 7న జపాను విమానాలు హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ మీద దాడి చేశాయి. జపాను సేనలు ఆ దీవులను పట్టుకుంటే అక్కడి డాలర్లన్నీ శత్రువు చేతికి పోతాయి గదా! అందుకని 1942లో ఆ దీవుల కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చు వేశారు. వాటి ముద్ర గోధుమ రంగు. వెనకవైపు హవాయి అన్న పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. దీవులు శత్రువు చేతికి చిక్కితే ఆ నోట్లు చెల్లవని ప్రకటించాలని ఎత్తు.

రెండవ ప్రశ్న: ఇలాంటివి ఎన్ని మిగిలాయి? పాతదనం వేరు, అరుదు వేరు. నోటు మీద ఉన్న సంవత్సరం ఆ నోటు అచ్చయిన సంవత్సరం కానక్కరలేదు. నోటు రూపం గాని, అధికారుల సంతకాలు గాని మారినప్పుడు ఆ సంవత్సరాన్ని మార్చటమో, దాని పక్కన ఒక అక్షరం చేర్చటమో చేస్తారు. 1935 అని ఉండి, పక్కన జి, హెచ్ అక్షరాలున్న నోట్లు 1960 తరవాత అచ్చయినవే! 1957 నీలి ముద్ర నోట్లు లెక్కలేనన్ని అచ్చయినవి, లెక్కలేనన్ని దాచబడినవి. నలిగిన నోటు అయితే దాని ధర ఒక డాలరు కన్న ఏ కొంచెమో ఎక్కువ, అంతే. 1976 నాటి రెండు డాలర్ల నోటూ ఇంతే. "అరుదైన నోటు" అని ఎంతోమంది దాచుకున్నారు. అందరూ దాచుకున్నది అరుదెలా అవుతుంది?

1863 నుంచి 1935 వరకు అమెరికాలో ఊరూరా ఉన్న నేషనల్ బ్యాంకులు తమ పేరూ, ఊరి పేరూ వేసిన నోట్లు విడుదల చేసేవి. ఒకే ఏడాది అచ్చయిన రెండు నోట్లలో న్యూయార్కు బ్యాంకుది చవక కావచ్చు, ఏ మారుమూల పల్లె బ్యాంకుదో మిక్కిలి ప్రియం కావచ్చు. ఆ పల్లెనోట్లు బహుకొద్ది మిగిలాయి కనుక. ఇంకొక గుర్తు నక్షత్రం. అచ్చులో ఒక నోటు చెడిపోతే దాని బదులు మరొకటి పెడతారు. అలాంటి బదులు నోటు సంఖ్య పక్కన చిన్న నక్షత్రం ఉంటుంది. వీటిలో కొన్నింటికి మంచి గిరాకీ.

అరుదంటే ఎంత అరుదో చూడండి: 1890 నాటి వెయ్యి డాలర్ల నోటు ఒకటున్నది. వెనక ఉన్న మూడు సున్నలూ ఆకుపచ్చగా, అచ్చం పుచ్చకాయల్లా ఉంటాయి. అందుకే దానికి పుచ్చకాయ నోటు అని పేరు. ఇలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే మిగిలాయి. వాటిలో ఒకటి 2014లో వేలంలో 32 లక్షల 90 వేల డాలర్లు పలికింది.

మూడవ ప్రశ్న: నోటు ఎలా ఉన్నది? నిపుణులు దీనికి 70 మార్కులకు పరీక్ష పెడతారు. ఎన్నడూ చేతులు మారని నోటుకే 60, ఆపైన వస్తాయి. మధ్యలో ఒక్క మడత పడినా మార్కులు తగ్గుతాయి. చిరుగు, మరక, సూది బెజ్జం, అన్నీ లెక్కకు వస్తాయి.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు అమెరికాలో ఉంటున్నది. ఆమె చెప్పిన సంగతి ఇది. వాళ్ళ పొరుగున ఉన్న ఒక ముసలమ్మకు, చనిపోయిన భర్త పెట్టెలో 1899 నాటి ఐదు డాలర్ల నోటు దొరికింది. రన్నింగ్ యాంటెలోప్ అనే లకోటా నాయకుడి బొమ్మ ఉన్న అందమైన నోటది. దాన్ని అమ్మి, కారుతున్న ఇంటి కప్పు బాగుచేయించుకోవాలని ఆవిడ అనుకున్నది. మంచి ధర రావాలని మనవడు ఆ నోటును సబ్బునీళ్ళతో కడిగి, ఇస్త్రీ చేశాడు. నోటు తళతళలాడింది. కాని వర్తకుడు దాన్ని దీపం దగ్గర ఏటవాలుగా పట్టి చూసి, అంతకు ముందైతే ఇచ్చేదానిలో కొద్ది భాగమే ఇస్తానన్నాడు. పిల్లవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదట. కప్పు మాత్రం ఆ ఏడు బాగుకాలేదు.

వర్తకుడికి ఎలా తెలిసింది? చెక్కిన లోహపు పలకతో గట్టిగా ఒత్తి అచ్చు వేసినందువల్ల, డాలరు నోటుపై సిరా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. ఇస్త్రీ పెట్టె ఆ ఉబ్బును అణచివేస్తుంది. సబ్బు రంగును వెలవెలబోయేలా చేస్తుంది, కాగితంలోని బిరుసును తీసేస్తుంది. కనుక పాత నోటును కడగకూడదు, ఇస్త్రీ చేయకూడదు, చిరుగుకు జిగురు కాగితం అంటించకూడదు. అంచులు పట్టుకుని ఎత్తి, మైలార్ తొడుగులో పెట్టి, ఎండా చెమ్మా తగలనిచోట దాచాలి.

నాలుగవ ప్రశ్న: దీన్ని ఎవరు కొంటారు, ఎంతకు? అమ్మేవాడు అడిగే ధర ధర కాదు. కొన్నవాడు ఇచ్చిందే ధర. కనుక వేలాల్లో అలాంటి నోటే, అదే స్థితిలో ఉన్నది, ఎంతకు అమ్ముడైందో చూడాలి. ధరల పుస్తకంలో ఉన్నంతా వర్తకుడు ఇవ్వడు. అతనికీ లాభం కావాలి గదా! ఒక్కడి మాట మీదనే అమ్మకుండా, ఇద్దరు ముగ్గురికి చూపించాలి. నకిలీలుంటాయి, జాగ్రత్త. అంతర్యుద్ధం నాటి దక్షిణ రాష్ట్రాల నోట్లలో చాలావాటిపై సంతకాలు సిరాతో, చేత్తో చేసినవి. ఆ సంతకం కూడా అచ్చు అక్షరాలతో కలిసిపోయి ఉంటే అది నకలేమోనని అనుమానించండి.

ఇక మీకొక లెక్క. మీ ముందు మూడు నోట్లున్నాయి. మొదటిది 1935 అని ఉన్న, నలిగిన నీలి ముద్ర డాలరు. రెండవది 1929 అని ఉండి, ఒక చిన్న పల్లె బ్యాంకు పేరుతో, రెండు మడతలు పడిన నోటు. మూడవది 1976 నాటి రెండు డాలర్ల నోటు, కొత్తది, ఫెళఫెళలాడుతున్నది. వీటిలో దేన్ని ముందుగా భద్రం చేసి నిపుణులకు చూపించాలి?

రెండవదాన్ని, అన్నారా? సరే. ఎందుకో కూడా అమ్మకూ నాన్నకూ చెప్పండి. కారణం చెప్పని జవాబుకు నా తరగతిలో సగం మార్కులే ఇచ్చేవాణ్ణి.