దేశమంతా లోటు వాన.. ములుగులో కుంభవృష్టి! వాతావరణ అంచనా మన ఊరి దాకా ఎందుకు రాదు?

2023 జులై చివరి వారం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేదే సగటున 55 సెంటీమీటర్లు! విచిత్రం ఏంటంటే.. ఆ ఏడాది దేశంలో నైరుతి వానలు దీర్ఘకాల సగటులో 94 శాతమే. అంటే లోటే.

మరి ఈ లెక్కలను ఎలా అర్థం చేసుకోవాలి?

'సాధారణం' అంటే?

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు దేశ సగటు 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం కురిస్తే వాతావరణ శాఖ 'సాధారణం' అంటుంది. కానీ ఇది దేశం మొత్తానికి లెక్క. ఒకచోట వరద, మరోచోట కరువు వచ్చినా సగటు మాత్రం బాగానే కనిపిస్తుంది.

చిక్కు ఎక్కడ?

రాబోయే దశాబ్దాల వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు భూమిని గళ్లుగా విడగొడతాయి. చాలా ప్రపంచ మోడళ్లలో ఒక్కో గడి సుమారు 100 కిలోమీటర్లు. అంత పెద్ద గడిలో పడమటి కనుమల ఎత్తుపల్లాలు చదునైపోతాయి. రాయలసీమకు వాన తగ్గడానికి ఓ ప్రధాన కారణం ఆ కనుమలే! ఇక ఉరుముల మేఘం వెడల్పు కొన్ని కిలోమీటర్లే.

అందుకే శాస్త్రవేత్తలు చిన్న గళ్లతో ప్రాంతీయ మోడళ్లు నడుపుతున్నారు. అయితే వాటికి గాలి, తేమ వివరాలు ఇచ్చేది మళ్లీ ప్రపంచ మోడలే. అక్కడ తప్పు జరిగితే ఇక్కడా తప్పే.

ఏది నమ్మొచ్చు?

ఎండలు పెరుగుతాయన్నది గట్టి అంచనా. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. కాబట్టి కురిసినప్పుడు కుండపోతగా కురిసే ముప్పు పెరుగుతుంది. అది ఏ ఏడాది, ఏ మండలంలో అన్నది మాత్రం ముందే చెప్పలేరు.

రైతు ఏం చేయాలి?

సీజన్ అంచనా విని వేరుశనగ విత్తేస్తే పెట్టుబడి మట్టిపాలు కావచ్చు. విత్తే ముందు చూడాల్సింది రానున్న ఐదు రోజుల స్థానిక అంచనా. 2025 మేలో మొదలైన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' గడి 6 కిలోమీటర్లే. 'మేఘదూత్' యాప్‌లో వ్యవసాయ సలహాలూ దొరుకుతాయి. అంచనా చూసుకున్నా.. చివరి మాట మాత్రం నేలలో పదునుదే!