జాతరలో నేతగాని పందిరి

ఆదోని పత్తికి ప్రసిద్ధి; ఎమ్మిగనూరు మగ్గమునకు ప్రసిద్ధి. నేతగాండ్రు షావుకారుల వాకిట చేయి చాచు దుస్థితి తొలగవలెనని మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరున సహకార సంఘమును స్థాపించిరి. కాని నేసిన బట్టకు కొనువాడు లేనిదే సంఘ మేమి చేయగలదు?

మా మనవి యిది. నీలకంఠేశ్వరస్వామి జాతరలో నేతగానికొక పందిరి యుండవలెను. అందు బట్టలు గుట్టపోసిన చాలదు. ముంగిట చట్రపు మగ్గము నిలిపి నేసి చూపవలెను. మరమగ్గపు బట్టకును చేనేతకును గల భేదము అప్పుడే జనులకు తెలియును. ప్రతి చీరకును నూలు నంబరు, నేతకు పట్టిన దినములు, ధర వ్రాసిన చీటి కట్టవలెను. 2006లో ఏర్పడిన చేనేత ముద్రయు నుండవలెను.

1923లో కాకినాడ కాంగ్రెసునాటి ఖద్దరు ప్రదర్శనమున స్వచ్ఛంద సేవికయగు బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే నిలిపివేసెను. ఆ పట్టుదల యీ పందిట ధర విషయమున నుండవలెను: బంధువుకైనను, అధికారికైనను ఒకటే ధర. బేరమాడి తగ్గించిన సొమ్ము తుదకు నేతగాని కూలినుండియే పోవును.

భూస్వాములారా, పురజనులారా! పందిరికి చోటిండు, ఈ యేటి పెండ్లిబట్టలు అచ్చటనే కొనుడు.