సొసైటీలో వేయాలా, బ్యాంకులో వేయాలా?

రిటైరయ్యాక గ్రాట్యుటీ డబ్బు చేతికి రాగానే ఇంటికి వచ్చేది సొసైటీ ఏజెంటు. తెలిసినవాడే, మన వీధివాడే. బ్యాంకు కన్నా రెండు మూడు శాతం ఎక్కువ వడ్డీ వస్తుందంటాడు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. మనం అడగక, అతను చెప్పక మిగిలిపోయే సంగతులే కొంప ముంచుతాయి.

అపోహ: రిజిస్టరైన సొసైటీ బ్యాంకుతో సమానం.

కానే కాదు. పరపతి సంఘాన్ని రిజిస్టర్ చేసేది సహకార శాఖ, బ్యాంకుకు లైసెన్సు ఇచ్చేది రిజర్వు బ్యాంకు. 1995 నాటి మాక్స్ చట్టం కింద పెట్టిన పరస్పర సహాయ సంఘాల మీదైతే ప్రభుత్వ అజమాయిషీ మరీ తక్కువ. ఆ చట్టం తెచ్చిందే అందుకు. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టి గోడకు తగిలించినా అది లైసెన్సు అయిపోదు. లైసెన్సు లేని సొసైటీలో మీరు వేసిన డబ్బుకు డిపాజిట్ బీమా సంస్థ డీఐసీజీసీ ఒక్క రూపాయికి కూడా పూచీ పడదు.

డిపాజిట్ ఫారంతో పాటు మరో కాగితం మీద కూడా సంతకం పెట్టిస్తారు, చూశారా? చాలాచోట్ల అది నామమాత్రపు సభ్యత్వానికి దరఖాస్తు. సభ్యుల దగ్గరే డిపాజిట్ తీసుకున్నామని చూపడానికి అది పనికొస్తుంది. ఇలా తీసుకోవడం తగదని, పేరులో ‘బ్యాంకు’ అని పెట్టుకోకూడదని 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. ఆ కాగితం చదవకుండా దయచేసి సంతకం పెట్టకండి.

అమెరికాలో మా అబ్బాయి క్రెడిట్ యూనియన్‌లో దాచుకుంటున్నాడు, ఇదీ అలాంటిదేగా అనే తల్లిదండ్రులున్నారు. అక్కడ ఫెడరల్ క్రెడిట్ యూనియన్‌లో వేసిన డబ్బుకు 2.5 లక్షల డాలర్ల వరకు ప్రభుత్వ బీమా ఉంది. మన సొసైటీకి అలాంటిదేమీ లేదు.

అపోహ: కో-ఆపరేటివ్ బ్యాంకులన్నీ ఎప్పుడో ఒకప్పుడు మునిగేవే.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2000 దశకం మొదట్లో హైదరాబాద్‌లో కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ అర్బన్ బ్యాంకులు కుప్పకూలాయి. అప్పట్లో బీమా లక్ష రూపాయలే. 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలయింది. లైసెన్సున్న కో-ఆపరేటివ్ బ్యాంకుకైనా, స్టేట్ బ్యాంకుకైనా ఇదే పరిమితి. రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెడితే బీమా సొమ్ము 90 రోజుల్లో ఇవ్వాలని 2021లో చట్టం సవరించారు.

అయితే 5 లక్షలు దాటిన సొమ్ము సంగతి వేరు. 2004 జులైలో హైదరాబాద్‌కే చెందిన, కో-ఆపరేటివ్ కాని గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు దెబ్బతింటే మూడు వారాల్లోనే ఓరియంటల్ బ్యాంకులో కలిపేశారు. డిపాజిటర్లకు నష్టం రాలేదు. 2019 సెప్టెంబరులో ముంబైలోని పీఎంసీ కో-ఆపరేటివ్ బ్యాంకు చిక్కుల్లో పడినప్పుడు మాత్రం ఖాతాదారులు మొదట తీసుకోగలిగింది 1,000 రూపాయలే. చివరికి 2022లో దాన్ని మరో బ్యాంకులో కలిపారు. పెద్ద డిపాజిట్లున్నవారికి ఏళ్ల తరబడి వాయిదాలు తప్పలేదు. అందుకే కో-ఆపరేటివ్ బ్యాంకులో 5 లక్షలు దాటనివ్వకూడదంటాను.

అపోహ: రెండు బ్రాంచీల్లో వేస్తే రెండు బీమాలు.

మీ పేరున అన్ని బ్రాంచీల్లో ఉన్నదంతా కలిపి, అసలూ వడ్డీతో సహా, ఒక బ్యాంకుకు 5 లక్షలే. కో-ఆపరేటివ్ బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు కట్టించుకునే షేరు డబ్బుకు బీమా లేదు.

అపోహ: అలాగైతే సొసైటీ గడపే తొక్కకూడదు.

అలా అంటే అన్యాయం. 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘం రైతుకు విత్తనం నుంచి పంట అమ్మకం దాకా తోడుంది. సభ్యులే యజమానులుగా నడుపుకునే సంఘం ఎంత మేలు చేయగలదో అక్కడికెళ్లి చూడాలి.

ఉద్యోగుల పొదుపు సంఘాల మేలూ తక్కువేం కాదు. జీతం నుంచే కోత, అవసరానికి లోన్, బ్యాంకు చుట్టూ తిరిగే పని లేదు. కానీ తెలంగాణ ఆర్టీసీలో జీతాల నుంచి కోసిన సొమ్మును యాజమాన్యం ఉద్యోగుల పరపతి సంఘమైన సీసీఎస్‌కు జమ చేయకుండా వాడుకుంది. ఆ సంఘం హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది, సభ్యులు తమ డబ్బుకే ఎదురుచూడాల్సి వచ్చింది. కాబట్టి జీతం స్లిప్పులో కోత కనిపించగానే సరిపెట్టుకోవద్దు. అదే నెలలో సంఘం ఖాతాకు చేరిందా అని పాసుబుక్కులో చూసుకోండి. చేరకపోతే సర్వసభ్య సమావేశంలో లేచి అడగండి, జవాబును మినిట్స్‌లో రాయించండి.