తరచు జబ్బుపడు బిడ్డకు తల్లి యీయగల రక్ష

ఇంటిలో నలుగురు బిడ్డలుందురు. చలిగాలి తిరుగగానే నలుగురికిని జలుబు చేయును. ముగ్గురు మూడు నాళ్లలో తేరుకొని వీథిలోని యాటలకు పరుగెత్తుదురు. నాలుగవ బిడ్డకు మాత్రము ఆ జలుబే దగ్గుగా ముదిరి, దగ్గు జ్వరమును వెంటబెట్టుకొని వచ్చి, తుద కాస్పత్రికి చేర్చును. ఆ నాలుగవ బిడ్డ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డ యైనచో, ఇరుగుపొరుగుల మాటలు మరియొక తీరున నుండును. "వాడి రాత యింతే" యని యొకరు, "దిష్టి తగిలినది" యని యొకరు, "కడుపుతో నున్నపుడు తల్లి యొళ్లు జాగ్రత్తగా చూచుకొనలేదు" అని మరియొకరు. ఈ మాటలన్నియు వినుచు, రాత్రులు బిడ్డను భుజమున వేసికొని నడవలో తిరుగు తల్లికొరకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా నామె మనసులోని ముల్లు తీయవలయును. ఈ స్థితిని 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించెను. ఆయన పేరే దీనికి నిలిచినది. దీని కారణము 1959లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుల వలన లోకమునకు తెలిసెను. మనుష్యుని ప్రతి కణములోను 46 క్రోమోజోములు జతలుజతలుగా నుండును. ఈ బిడ్డలకు 21వ జతలో రెండుండవలసిన చోట మూడుండును. చాలవరకిది బీజకణము లేర్పడునపుడు జరుగు పొరపాటు. తల్లి తిన్న తిండి గాని, గ్రహణమునాడు పట్టిన కత్తిపీట గాని దీనికి కారణము కానేకాదు. తల్లి వయసు పెరిగినకొలది ఇట్టి బిడ్డ పుట్టుటకు అవకాశము హెచ్చునను మాట నిజమే. కాని పిన్నవయసు తల్లులకును ఇట్టి బిడ్డలు పుట్టుచునే యున్నారు. కనుక ఎవరిని నిందించియు ఫలము లేదు.

ఇక నీ బిడ్డలు తరచు జబ్బుపడుట యేల? రొమ్ముటెముక వెనుక థైమస్ అను చిన్న గ్రంథి కలదు. వ్యాధులతో పోరాడు కణములలో ఒక తెగవారికి అదియే పాఠశాల వంటిది. ఈ బిడ్డలలో నది సాధారణముగా చిన్నదిగా నుండును. ఆ కణముల సంఖ్యయు తక్కువ. దీనికి తోడు శరీరనిర్మాణము కూడ కొంత ప్రతికూలము. ముక్కుదారులు, చెవిలోని గొట్టములు ఇరుకైనవి. అందు చీము, శ్లేష్మము సులభముగా నిలువయుండును. కండరముల బిగువు తక్కువ గనుక గట్టిగా దగ్గి కఫమును వెలికి త్రోయలేరు. త్రాగిన పాలు ఒక్కొక్కప్పుడు పొలమారి ఊపిరితిత్తులలోనికి జారును. ఇంచుమించు సగముమంది బిడ్డలకు గుండెలో పుట్టుకతో వచ్చిన లోపము కూడ నుండును. ఇన్ని కారణములున్నచోట "రోగనిరోధకశక్తికి ఏదో యొక టానిక్కు" అని వెదకుట ఫలింపదు. ఒక్కొక్క కారణమును విడివిడిగా చూచి, దాని దారిని మూయుటయే సరియైన రక్ష.

అన్నిటికంటె మొదటి రక్ష టీకా. మేమీమాటను నొక్కి చెప్పుటకు కారణము కలదు. "పాపకు జలుబుగా నున్నది, తగ్గిన పిదప వేయింతము" అని తల్లులు వాయిదా వేయుదురు. జలుబు విడువని బిడ్డకు ఆ దినమెన్నడును రాదు. ఒకటి తప్పును, రెండు తప్పును. ఎవరికంటె నెక్కువగా టీకా కావలసిన బిడ్డయే టీకా లేనిదగును. సామాన్యమైన జలుబు, కొద్దిపాటి దగ్గు టీకాకు అడ్డు కావు. పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. 6, 10, 14 వారములకు పెంటావలెంటు, పోలియో, రోటావైరసు. 9 నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా, 16 నుండి 24 నెలల మధ్య దాని రెండవ మోతాదు - ఇవన్నియు ప్రభుత్వమువారు ఉచితముగా వేయుచున్నారు. న్యుమోనియాకు ముఖ్యకారణమగు న్యుమోకాకస్ సూక్ష్మజీవికి ఎదురైన టీకాయు 2021 నుండి దేశమంతట ఈ జాబితాలో చేరినది. ఆఱు నెలలు దాటిన పిదప ఏటేట ఫ్లూ టీకా వేయించు విషయము కూడ వైద్యుని నడుగవలయును. ఈ బిడ్డల శరీరము టీకాకు ఇతరులకంటె కొంత తక్కువగా స్పందింపవచ్చును. కాని తక్కువ రక్ష రక్షలేమికంటె నెన్నియో మేళ్లు. ఇంటిలోని పెద్దలును, అన్నదమ్ములును తమ టీకాలు వేయించుకొన్నచో బిడ్డచుట్టు ప్రాకారము కట్టినట్లగును.

రెండవది, దాగియున్న జబ్బులను కనిపెట్టుట. పుట్టిన తొలి నెలలోనే గుండెను ఎకో పరీక్ష చేయింపవలయును. గుండెలోని పెద్ద రంధ్రమువలన ఊపిరితిత్తులకు రక్తము మితిమీరి పారుచున్నచో బిడ్డకు న్యుమోనియా మాటిమాటికి వచ్చును. సకాలమున ఆపరేషను చేయించిన ఆ బాధ చాల తగ్గును. థైరాయిడ్ పరీక్షను పుట్టినపుడును, ఆఱవ నెలలోను, ఏడాది నిండినపుడును, పిదప ఏటేటను చేయింపవలయును. చెవిని మఱవరాదు. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గిన బిడ్డకు మాటలు మఱింత ఆలస్యమగును; మనము "వీనికి బుద్ధి మాంద్యము" అనుకొనుచుందుము.

మూడవది, ఇంటిలోని అలవాట్లు. ఆఱు నెలలవరకు తల్లిపాలకు సాటి లేదు. ఈ బిడ్డ పాలు కుడుచుటకు ఎక్కువసేపు పట్టును. విసుగక, తలను ఎత్తుగా నుంచి కుడుపవలయును. పండుకొనబెట్టి పాలు పోయుట ఎంతమాత్రము కూడదు. ప్రతిసారి దగ్గు, ఉక్కిరిబిక్కిరి వచ్చుచున్నచో వైద్యునికి చెప్పవలయును. ఆఱు నెలల పిదప మెత్తని పప్పన్నము, గ్రుడ్డు, ఆకుకూర, పెరుగు క్రమముగా అలవాటు చేయవలయును. ఏడాది నిండకుండ తేనె నాకింపరాదు.

మన పెద్దలు ప్రేమతో చేయు రెండు పనులను గూర్చి వినయముగా నొక మాట. నీళ్లు పోసిన పిదప ముక్కులో నూనె చుక్కలు వేయుట, సాంబ్రాణి పొగ పట్టుట మన యిండ్ల ఆచారము. నూనె చుక్క ఊపిరితిత్తులలోనికి జారినచో అదియే న్యుమోనియాకు దారితీయును. పొగ ఇరుకైన శ్వాసదారులను మఱింత వాపెక్కించును. కట్టెల పొయ్యి పొగకును, చుట్ట, సిగరెట్టు పొగకును ఈ బిడ్డ దూరముగా నుండవలయును. అమ్మమ్మలు, నాయనమ్మలు దీనిని తప్పుగా నెంచక, ఆ ప్రేమను సబ్బుతో చేతులు కడిగి బిడ్డ నెత్తుకొనుటలో చూపుదురుగాక!

బజారులో శక్తిమందులు మెండు. విటమినులు, జింకు మొదలగునవి లోపమున్న బిడ్డకు మేలుచేయును. లోపము లేనిచో వానివలన జబ్బులు తగ్గినట్లు నిలుకడయైన ఋజువు లేదు. సీసాలకు పోయు రూకలు గుండె పరీక్షకును, గ్రుడ్లకును వెచ్చింపుడని మా మనవి. మరియు నిలువయుంచిన యాంటీబయాటిక్కును మీ యంతట మీరు వేయకుడు.

జబ్బు వచ్చినపుడు కాలహరణము చేయరాదు. జ్వరమెంత యున్నదో చూచుట మాత్రమే చాలదు, ఊపిరిని లెక్కింపవలయును. బిడ్డ నెమ్మదిగా నున్నపుడు గడియారము పెట్టుకొని నిండు నిమిషము చూడుడు. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలలనుండి ఏడాదిలోపు 50, ఏడాదినుండి అయిదేండ్లలోపు 40 - అంతకుగాని అంతకు మించిగాని శ్వాసలున్నచో ఆ పూటయే వైద్యునికి చూపవలయును. డొక్కలెగురవేయుట, పెదవులు నీలమగుట, పాలు మానుట, మగతగా పడియుండుట కనబడినచో తెల్లవారువరకు ఆగక ఆస్పత్రికి తీసికొనిపోవలయును.

ఇంతచెప్పితిమని బిడ్డను గదిలో దాచరాదు. ఆట, ఎండ, తోటిపిల్లలు, బడి దానికి అన్నముతో సమానము. ఎవరికైనను జలుబున్న దినమున దూరముంచిన చాలును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఇట్టి బిడ్డలను ఉచితముగా పరీక్షించుచున్నారు. అంగన్‌వాడీలోను, ఆశా కార్యకర్తను అడిగిన దారి చెప్పుదురు. 1984లో సికింద్రాబాదున స్థాపితమైన జాతీయ సంస్థలో బుద్ధివికాసమున వెనుకబడిన బిడ్డలకు శిక్షణయు, తల్లిదండ్రులకు సలహాయు లభించును.

అమెరికాలో 1983 ప్రాంతమున ఈ బిడ్డల సగటు ఆయువు 25 ఏండ్లు. నేడది ఇంచుమించు 60 ఏండ్లు. క్రోమోజోమేమియు మారలేదు. గుండెకు ఆపరేషను, అంటువ్యాధులకు సకాలచికిత్స, ఇంటివారి ఆదరణ - మారినవి యివియే. కనుక తల్లీ, "రాత యింతే" యన్నవారికి మారుపలుక నక్కరలేదు. బిడ్డ టీకా కార్డును తీసి, తప్పిన గడి యేదియో చూడుము. రేపు ఉదయమున దానిని పూరించుటయే నీ సమాధానము.